పాత ఆపరేషన్ చీటీ – దాగిన వ్యాధికి సాక్షి
(శస్త్రచికిత్సలో అరుదైన వ్యాధులు, ఆలస్యపు నిర్ధారణపై ప్రత్యేక వ్యాసం)

కడుపునొప్పి, విడువని దగ్గు, ఆయాసం, పొట్టలో గడ్డ – శస్త్రవైద్యుల వద్దకు వచ్చే రోగుల నోట తరచు వినవచ్చే ఫిర్యాదులివి. వీటి వెనుక ఉండేవి చాలావరకు అందరికీ తెలిసిన వ్యాధులే. అపెండిసైటిస్, పిత్తాశయంలో రాళ్ళు, హెర్నియా, పేగుపూత వంటి వాటిని వైద్యులు సులభంగానే గుర్తించి చికిత్స చేస్తున్నారు. అయితే అప్పుడప్పుడు అదే నొప్పి, అదే దగ్గు వెనుక ఎవరూ ఊహించని కారణం దాగి ఉంటుంది. రోగి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి మందులు వాడుతూ ఒక ఆస్పత్రి నుండి మరొక ఆస్పత్రికి తిరుగుతాడు. చివరకు ఆపరేషన్ బల్లపైన గాని అసలు విషయం బయటపడదు.

ఇటువంటి అరుదైన కేసులను వైద్య పత్రికలు ఎన్నో ఏళ్ళుగా ప్రచురిస్తున్నవి. వాటిని వరుసగా పరిశీలించినచో ఒక విషయం స్పష్టమవుతుంది. పెక్కు సందర్భాలలో వ్యాధిని పట్టి ఇచ్చే ఆధారం రోగి గత జీవితంలోనే ఉన్నది. ఎప్పుడో జరిగిన ఒక ఆపరేషన్, మరచిపోయిన ఒక దెబ్బ, బాల్యంలో గొంతుకు అడ్డుపడిన ఒక గింజ, ఇంట్లో పెంచిన గొర్రెలు, కుక్కలు – వీటిలో ఏదో ఒకటి చెప్పకపోవడం వల్లనో, అడగకపోవడం వల్లనో నిర్ధారణ ఆలస్యమైంది. స్కానింగ్ యంత్రం లోపలి ఆకారాన్ని చూపగలదు గాని, ఆ ఆకారం ఎట్లా వచ్చిందో చెప్పలేదు. ఆ సంగతి చెప్పగలిగినవారు రోగి, అతని కుటుంబ సభ్యులు మాత్రమే. చెప్పినదానికి రుజువుగా నిలిచేది వారు భద్రపరచిన ఆస్పత్రి చీటీ.

ఆపరేషన్‌లో మిగిలిపోయిన గుడ్డ

శస్త్రచికిత్స సమయంలో రక్తాన్ని అద్దడానికి గాజుగుడ్డలు, మాప్‌లు ఉపయోగిస్తారు. రక్తంతో తడిసిన గుడ్డ పేగుల మధ్య చేరినప్పుడు దానిని గుర్తించడం కష్టం. అరుదుగా అటువంటి గుడ్డ లోపలే ఉండిపోగా పొట్టను కుట్టివేయడం జరుగుతుంది. ఈ స్థితిని వైద్యులు గాసిపిబోమా అంటారు. పత్తికి లాటిన్ భాషలోని పేరు, దాచిన చోటు అనే అర్థంలో స్వాహిలి భాషలోని మాట కలిసి ఈ పదం ఏర్పడింది. 1884లోనే ఇటువంటి కేసు వైద్య పత్రికలలో నమోదైనది.

మిగిలిపోయిన గుడ్డకు శరీరం రెండు విధాలుగా స్పందిస్తుంది. మొదటి విధంలో చీము పట్టి, జ్వరం, నొప్పి వచ్చి, కొద్ది రోజులలోనో వారాలలోనో విషయం బయటపడుతుంది. ఒక్కొక్కప్పుడు గుడ్డ పేగును తొలుచుకొని లోనికి పోతుంది. రెండవ విధంలో శరీరం గుడ్డ చుట్టూ గట్టి పొరను అల్లి దానిని బంధించివేస్తుంది. అప్పుడు రోగికి ఏళ్ళ తరబడి ఎట్టి బాధా తెలియకపోవచ్చును. దశాబ్దాల తరువాత వేరే కారణంతో తీసిన స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంది. దానిని కేన్సర్ గడ్డగా భావించి రోగిని, కుటుంబాన్ని తీవ్ర ఆందోళనకు గురిచేసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో అనేకం కలవు. పూర్వం పొట్టపై ఆపరేషన్ జరిగినట్లు రోగి చెప్పినచో, వైద్యుని ఆలోచనలో ఈ అవకాశం కూడా చేరుతుంది.

2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ విషయమై విలువైన సమాచారాన్ని అందించింది. అందులో 54 మంది రోగుల శరీరాలలో మిగిలిపోయిన 61 వస్తువులను పరిశీలించారు. అత్యవసర ఆపరేషన్లలో ఈ ప్రమాదం సుమారు 9 రెట్లు, ఆపరేషన్ మధ్యలో అనుకోని మార్పు చేయవలసి వచ్చినప్పుడు సుమారు 4 రెట్లు అధికమని తేలింది. వస్తువులను లెక్కించిన కేసులలో కూడా 88 శాతం సందర్భాలలో లెక్క సరిపోయిందనే నమోదు చేసి ఉండటం గమనార్హం. నోటి లెక్క ఒక్కటే చాలదని దీనివల్ల విదితమవుతున్నది. అందుచేతనే ఎక్స్‌రేలో కనిపించే ప్రత్యేక దారం నేసిన గాజుగుడ్డలను ఆపరేషన్ థియేటర్లలో వాడటం, లెక్క తేలనప్పుడు రోగిని బల్ల దించకముందే ఎక్స్‌రే తీయడం ఆచరణలోకి వచ్చినవి.

భారతదేశంలో ఈ విషయంపై సర్వోన్నత న్యాయస్థానం 1996లో ముఖ్యమైన తీర్పు వెలువరించింది. 1963లో మహారాష్ట్రలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకొన్న మహిళ ఉదరంలో తువ్వాలు మిగిలిపోయి, ఆమె కొద్ది రోజులలోనే మరణించింది. లోపల తువ్వాలు ఉండిపోవడమే నిర్లక్ష్యానికి నిదర్శనమని, అందుకు ప్రభుత్వమే బాధ్యత వహించవలెనని న్యాయస్థానం స్పష్టం చేసింది. మరణానికి, తీర్పునకు మధ్య 33 సంవత్సరాలు గడచినవి. అంతకాలం తరువాత కూడా సంఘటన నిరూపితమైనదంటే, నాటి ఆస్పత్రి నమోదుల విలువ ఎంతటిదో ఊహించవచ్చును.

పాత దెబ్బ – కొత్త నొప్పి

ఛాతీని, ఉదరాన్ని వేరుచేసే పలుచని కండర పొరను ఉదరవితానం అంటారు. రోడ్డు ప్రమాదంలో గాని, ఎత్తునుండి పడినప్పుడు గాని, కత్తిపోటు వల్ల గాని ఈ పొర చిరగవచ్చును. విరిగిన ఎముకలు, తల గాయాల హడావుడిలో ఈ చిన్న చిరుగు కనబడకుండా పోతుంది. రోగి కోలుకొని ఇంటికి చేరుతాడు. కాని ఆ చిరుగు తనంతట తాను మానదు. ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీలో ఏర్పడే ఒత్తిడి తేడా వల్ల ఉదరంలోని జీర్ణాశయం, పేగులు కొద్దికొద్దిగా పైకి జరుగుతవి. నెలల తరువాతనో, సంవత్సరాల తరువాతనో ఒకనాడు పేగు మెలిపడి రక్తప్రసరణ ఆగి ప్రాణాపాయం ఏర్పడుతుంది.

16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 1579లోనే ఇటువంటి కేసును వివరించాడు. తుపాకి గాయం తగిలిన ఒక సైనికాధికారి ఆ గాయం నుండి బయటపడి, 8 నెలల తరువాత కడుపునొప్పితో మరణించాడు. శవపరీక్షలో ఉదరవితానానికి చిటికెన వేలి కొన మాత్రమే పట్టేటంత రంధ్రం ఉన్నట్లు, దానిగుండా పెద్దపేగు ఛాతీలోనికి చొచ్చుకొనిపోయి చిక్కుకొన్నట్లు కనుగొన్నారు. నాలుగు శతాబ్దాలు గడచినా ఈ వ్యాధి స్వభావం మారలేదు. ఎడమ వైపున ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కుడివైపున కాలేయం కొంత అడ్డుగా నిలవడం అందుకు ప్రధాన కారణం.

ఇక్కడ నిర్ధారణలో పొరపాటు మరొక అపాయానికి దారితీస్తుంది. ఛాతీలోనికి చేరిన జీర్ణాశయం ఎక్స్‌రేలో గాలి, నీరు నిండిన సంచివలె కనిపిస్తుంది. దానిని ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరుగా పొరబడి గొట్టం వేసినచో, ఆ గొట్టం నేరుగా జీర్ణాశయాన్నే పొడిచే ప్రమాదం ఉన్నది. "అయిదేళ్ళ క్రితం ట్రాక్టరు మీదనుండి పడ్డాను" అనే ఒక్క మాట వైద్యుని చేతిని ఆపగలదు. ఆ మాట విన్న వైద్యుడు గొట్టం వేయక ముందే సీటీ స్కాన్ చేయిస్తాడు.

ఉబ్బసమా, వేరుశనగ గింజా?

చిన్నపిల్లలలో, ప్రధానంగా మూడేళ్ళలోపు వారిలో, నిర్ధారణ ఆలస్యమయ్యే మరొక పరిస్థితి శ్వాసనాళంలో గింజ చిక్కుకోవడం. తెలుగు నాట వేరుశనగ గింజ, చింతపిక్క, సీతాఫలం గింజ, శనగ గింజ వంటివి పిల్లల చేతికి సులభంగా అందుతవి. నవ్వుతూనో, ఏడుస్తూనో, పరుగెత్తుతూనో నోటిలోని గింజను పిల్లవాడు లోనికి పీల్చుకుంటాడు. ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై, దగ్గి, కొద్దిసేపటికి మామూలుగా కనిపిస్తాడు. పెద్దలు గండం గడచిందనుకుంటారు. నిజానికి గింజ గొంతు దాటి లోపలి గొట్టంలోనికి జారి ఉండవచ్చును. కుడి శ్వాసనాళం ఎడమదానికంటె వెడల్పుగా, నిటారుగా ఉండటం వల్ల గింజ తరచు కుడివైపునకే చేరుతుంది.

తరువాత పిల్లికూతలు, దగ్గు, మాటిమాటికి వచ్చే నిమోనియా మొదలవుతవి. ఉబ్బసమని, నెమ్మని మందులు సాగుతవి. గింజలు ఎక్స్‌రేలో కనిపించవు. అందువలన ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన గింజ లేదని చెప్పజాలరు. తేమకు ఉబ్బిన గింజ గొట్టాన్ని మూసివేసి, ఆ భాగంలోని ఊపిరితిత్తిని క్రమంగా దెబ్బతీస్తుంది. మందులకు తగ్గని దగ్గు, ఒకే వైపున వినవచ్చే పిల్లికూత, ఒకేచోట తిరిగి తిరిగి వచ్చే నిమోనియా – ఈ మూడింటిలో ఏది ఉన్నా, "ఎప్పుడైనా తింటూ ఉక్కిరిబిక్కిరి అయ్యాడా?" అని తల్లిని అడగవలసి ఉంటుంది.

1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసనాళంలో చిక్కిన పంది ఎముక ముక్కను ఛాతీ కోయకుండానే గొట్టం ద్వారా బయటకు తీశాడు. బ్రాంకోస్కోపీ అనబడే ప్రక్రియకు అదే ఆరంభం. అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ తన జీవితకాలంలో రోగుల గొంతు, శ్వాసనాళాల నుండి తీసిన 2 వేలకు పైగా వస్తువులు ఫిలడెల్ఫియాలోని ముట్టర్ మ్యూజియంలో భద్రపరచబడి ఉన్నవి. ప్రతి వస్తువునకు సంబంధించిన వివరాలు రాసి ఉంచడం ఆయన అలవాటు. నేటి వైద్యులకు ఆ సేకరణ పాఠ్యగ్రంథం వంటిది.

గొర్రెల మంద, కుక్క, కాలేయంలో తిత్తి

హైడాటిడ్ తిత్తి అనే వ్యాధికి తెలుగు ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉన్నది. భారతదేశంలో ఈ వ్యాధి ఎక్కువగా నమోదైన ప్రాంతాలలో ఆంధ్ర, తమిళనాడు ముఖ్యమైనవి. ఎకినోకోకస్ అనే చిన్న బద్దెపురుగు కుక్క పేగులలో నివసిస్తుంది. దాని గుడ్లు కుక్క మలం ద్వారా పచ్చికపై పడి మేతతోపాటు గొర్రె కడుపులోనికి చేరుతవి. గొర్రెను కోసినప్పుడు పారవేసిన పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు తిన్న కుక్కకు పురుగు తిరిగి సోకుతుంది. ఈ చక్రంలో మనిషి పొరపాటున చిక్కుకుంటాడు. కుక్కను నిమిరిన చేతులు కడుక్కోకుండా భోజనం చేయడం, కడగని ఆకుకూరలు తినడం ద్వారా గుడ్లు అతని కడుపులో చేరుతవి.

కాలేయంలోను, ఊపిరితిత్తులలోను నీటితిత్తి అతి నెమ్మదిగా పెరుగుతుంది. బాల్యంలో సోకిన వ్యాధి నడివయసులో బయటపడవచ్చును. అంతవరకు రోగికి పక్కలో బరువుగా ఉండటం తప్ప వేరే బాధ ఉండకపోవచ్చును. దానిని మామూలు నీటి గడ్డగా భావించి, ముందు జాగ్రత్త లేకుండా సూదితో పొడవడం ప్రమాదకరం. తిత్తిలోని ద్రవం పొట్టలోనికి కారినచో తీవ్రమైన అలర్జీ వచ్చి ప్రాణాపాయం సంభవించవచ్చును. అందులోని సూక్ష్మ పురుగులు చెదరి కొత్త తిత్తులు పుట్టవచ్చును. గొర్రెల పెంపకం వృత్తిగా గల రోగి ఆ విషయాన్ని ముందుగానే చెప్పినచో, వైద్యుడు తగిన పరీక్షలు చేయించి, పురుగును చంపే మందు ఇచ్చి, రక్షణ ఏర్పాట్లతో చికిత్సకు పూనుకుంటాడు. కబేళా వ్యర్థాలను కుక్కలకు వేయకపోవడం, పెంపుడు కుక్కలకు క్రమం తప్పకుండా నులిపురుగుల మందు ఇప్పించడం ఈ వ్యాధికి నివారణ మార్గాలు.

కేన్సర్‌గా కనిపించే క్షయ

క్షయ అనగానే ఊపిరితిత్తులు, దగ్గు గుర్తుకు వస్తవి. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ప్రకటించిన క్షయ క్రిమి శరీరంలో ఏ భాగాన్నయినా ఆశ్రయించగలదు. ఉదర క్షయలో పొట్టలో నీరు చేరుతుంది, బరువు తగ్గుతుంది, పేగులు ఒకదానికొకటి అతుక్కొని గడ్డవలె చేతికి తగులుతవి. మహిళలలో ఈ లక్షణాలు అండాశయ కేన్సర్‌ను పోలి ఉంటవి. ఆ కేన్సర్ అనుమానంతో చేసే సీఏ-125 రక్తపరీక్ష ఫలితం ఉదర క్షయలో కూడా పెరిగి ఉండటం వైద్యులను తికమకపెడుతుంది.

ఇటువంటి సందర్భాలలో ల్యాప్రోస్కోపీ ద్వారా లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు గాని నిజం తెలియదు. ఫలితం వచ్చిన నాడు ఆ కుటుంబం దిశ మారిపోతుంది. అండాశయాలు, గర్భాశయం తొలగించవలసిన పెద్ద ఆపరేషన్ స్థానంలో, సాధారణంగా 6 నెలల మందులతో వ్యాధి నయమవుతుంది. సంతానం కలుగవలసిన వయసులో ఉన్న యువతికి ఈ తేడా జీవితమంత పెద్దది. ఇంటిలో ఎవరికైనా పూర్వం క్షయ వచ్చి ఉండినచో ఆ సంగతి చెప్పడానికి సంకోచించరాదు. ఆ వ్యాధిపై సమాజంలో ఉన్న చిన్నచూపు వల్ల కుటుంబాలు దాచిన విషయమే నిర్ధారణను ఆలస్యం చేస్తున్నది.

చెప్పుకోలేని అలవాటు – వెంట్రుకల ముద్ద

బాలికలలోను, యువతులలోను పొట్ట పైభాగాన గట్టి గడ్డ, వాంతులు, రక్తహీనత, బరువు తగ్గడం కనిపించినప్పుడు అరుదుగా బయటపడే కారణం వెంట్రుకల ముద్ద. మానసిక ఒత్తిడిలో ఉన్న బాలిక తన జుట్టును తానే పీకి మింగుతుంది. వెంట్రుకలు అరగవు, ముందుకు కదలవు. ఏళ్ళ తరబడి పేరుకొని, జీర్ణాశయం ఆకారంలోనే నల్లని ముద్దగా తయారవుతవి. దాని తోక పేగులలోనికి సాగినచో రాపన్‌జెల్ సిండ్రోమ్ అంటారు. పొడవైన జడగల కథానాయిక పేరును 1968లో వైద్యులు ఈ వ్యాధికి పెట్టారు. వెంట్రుకల ముద్దను గురించిన వైద్య వర్ణన 1779 నుండి కలదు.

ఇక్కడ కూడా వ్యాధి కంటె మౌనమే పెద్ద అడ్డంకి. బాలిక చెప్పదు, తల్లిదండ్రులు గమనించినా పదిమందిలో చెప్పడానికి సిగ్గుపడతారు. తలపై అక్కడక్కడ పలుచబడిన జుట్టు వైద్యునికి మొదటి ఆధారం. ముద్దను తొలగించడంతో చికిత్స సగమే పూర్తవుతుంది. మానసిక వైద్యుని సహాయం అందనిచో అలవాటు తిరిగి వచ్చి, ముద్ద తిరిగి ఏర్పడుతుంది. మందలింపు, హేళన ఈ బిడ్డలకు మేలు చేయవు.

రాయిగా మారిన గర్భం

అరుదైన కేసులలోకెల్ల అరుదైనది లితోపీడియన్, అనగా రాతి శిశువు. గర్భాశయం వెలుపల, పొట్టలో ఏర్పడిన గర్భం కొన్ని నెలలు పెరిగి మరణించినప్పుడు శరీరం దానిని బయటకు పంపలేదు. చీము పట్టకుండా ఉండేందుకు దానిపై క్రమంగా సున్నపు పొరను ఏర్పరుస్తుంది. 1582లో ఫ్రాన్సులోని సాన్స్ పట్టణంలో 68 ఏళ్ళ మహిళ మరణానంతరం జరిపిన పరీక్షలో, ఆమె 28 ఏళ్ళుగా మోసిన రాతి శిశువు బయటపడింది. ప్రపంచ వైద్య సాహిత్యంలో ఇటువంటి కేసులు కొన్ని వందలు మాత్రమే నమోదైనవి.

2014లో నాగపూర్‌లో 60 ఏళ్ళ వయసుగల ఒక మహిళ ఉదరం నుండి 36 ఏళ్ళనాటి శిశువు అస్థిపంజరాన్ని వైద్యులు తొలగించారు. ఆమె యువతిగా ఉన్నప్పుడు గర్భం విఫలమైనది గాని, ఆపరేషన్ భయంతో చికిత్స చేయించుకోలేదు. నొప్పి కొంతకాలానికి తగ్గిపోవడంతో విషయం మరుగునపడింది. నేడు గర్భం నిర్ధారణ అయిన తొలి వారాలలోనే స్కానింగ్ చేయించుకొనే అవకాశం ఉన్నందున గర్భం ఏ చోట ఉన్నదీ ముందుగానే తెలుస్తుంది. నొప్పి తగ్గినంత మాత్రాన సమస్య తీరినట్లు కాదని ఈ కేసు బోధిస్తున్నది.

తలుపు తెరిచాక తెలిసే ఆశ్చర్యాలు

కొన్ని సందర్భాలలో రోగి చరిత్రలోనూ ఆధారం దొరకదు. సుమారు 10 వేల మందిలో ఒకరికి పుట్టుకతోనే లోపలి అవయవాలన్నీ అద్దంలోని బొమ్మవలె తారుమారై ఉంటవి. గుండె, జీర్ణాశయం కుడివైపున, కాలేయం ఎడమవైపున ఉంటవి. 1788లో లండన్ వైద్యుడు మాథ్యూ బెయిలీ ఈ స్థితిని వివరించాడు. ఇటువంటివారికి అపెండిసైటిస్ వచ్చినప్పుడు నొప్పి ఎడమవైపున వస్తుంది. వైద్యుడు వేరే వ్యాధులను వెదుకుతుండగానే అపెండిక్స్ పగిలిపోయే ప్రమాదం ఉన్నది. తమకు ఈ స్థితి ఉన్నట్లు ఏ ఎక్స్‌రేలోనైనా ఒక్కసారి తెలిసినవారు ఆ చీటీని జీవితాంతం దగ్గర ఉంచుకోవడం శ్రేయస్కరం.

1735 డిసెంబరు 6న లండన్‌లోని సెయింట్ జార్జి ఆస్పత్రిలో క్లాడియస్ అమియాండ్ అనే శస్త్రవైద్యుడు 11 ఏళ్ళ బాలునికి హెర్నియా ఆపరేషన్ చేస్తుండగా, హెర్నియా సంచిలో అపెండిక్స్, దానిలో గుచ్చుకొన్న గుండుసూది కనిపించినవి. ఆయన అపెండిక్స్‌ను తొలగించగా బాలుడు కోలుకొన్నాడు. విజయవంతమైన అపెండిక్స్ ఆపరేషన్లలో నమోదైన మొదటిది అదే. అమియాండ్ తాను చూసినదంతా మరుసటి ఏడాది ప్రచురించాడు. ఆనాడు ఆయన రాసి ఉంచినందుననే, హెర్నియాలో అపెండిక్స్ ఉండే స్థితికి నేటికీ ఆయన పేరే వాడుకలో ఉన్నది.

భద్రత కొరకు ఏర్పాట్లు

ఆపరేషన్ థియేటర్లలో పొరపాట్లను అరికట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో శస్త్రచికిత్స భద్రతా పట్టికను విడుదల చేసింది. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగిని థియేటర్ నుండి తరలించకముందు – ఈ మూడు దశలలో బృంద సభ్యులు పట్టికలోని అంశాలను బిగ్గరగా చదివి సరిచూడవలెను. పరికరాలు, గాజుగుడ్డలు, సూదుల లెక్క చివరి దశలోనిది. న్యూఢిల్లీతో సహా 8 నగరాలలోని ఆస్పత్రులలో ఈ పట్టికను ప్రయోగించి చూసిన ఫలితాలు 2009లో వెలువడినవి. పట్టిక వాడిన తరువాత మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి, ఇతర సమస్యలు 11 శాతం నుండి 7 శాతానికి తగ్గినవి. ఇందుకు ఖరీదైన యంత్రమేదీ అవసరం కాలేదు. ఒక కాగితం, దానిని చదివే క్రమశిక్షణ సరిపోయినవి.

రోగుల నమోదుల విషయంలో భారత వైద్య మండలి 2002లో జారీచేసిన వృత్తి ప్రవర్తన నిబంధనలు ముఖ్యమైనవి. ఇన్‌పేషెంటుగా చేరిన రోగి వివరాలను చికిత్స మొదలైన తేదీ నుండి 3 సంవత్సరాలపాటు వైద్యుడు భద్రపరచవలెను. రోగి గాని, అతని తరఫున అధికారం గలవారు గాని కోరినచో 72 గంటలలోగా ఆ పత్రాలను అందజేయవలెను. మండలి స్థానంలో 2020లో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది. 2023లో వెలువరించిన కొత్త నిబంధనలను అదే ఏడాది ఆగస్టులో నిలిపివేసినందున, 2002 నిబంధనలే తిరిగి అమలులోకి వచ్చినవి.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. నిబంధన ప్రకారం నమోదులను ఉంచవలసిన కాలం 3 సంవత్సరాలు. పైన వివరించిన వ్యాధులు బయటపడటానికి 10, 20, 30 ఏళ్ళు కూడా పట్టవచ్చును. అనగా అవసరమైన నాటికి ఆస్పత్రిలో పత్రం ఉంటుందన్న భరోసా లేదు. ఆపరేషన్ చేసిన వైద్యుడు పదవీ విరమణ చేసి ఉండవచ్చును, ఆస్పత్రి మూతపడి ఉండవచ్చును. అప్పటికి మిగిలే ఏకైక సాక్షి రోగి ఇంటి బీరువాలోని డిశ్చార్జి కాగితం మాత్రమే. ప్రసవమని, కుటుంబ నియంత్రణ ఆపరేషనని చిన్నచూపు చూసి పారవేసే చీటీలు కూడా ఈ కోవలోనివే.

2021 సెప్టెంబరు 27న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద పౌరులు 14 అంకెల ఆభా సంఖ్యను పొంది, తమ ఆరోగ్య పత్రాలను తమ అనుమతి మేరకు అనుసంధానం చేసుకొనవచ్చును. పాత కాగితాలను ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోవడం కూడా ఖర్చులేని జాగ్రత్తయే.

ప్రజలు గుర్తుంచుకోవలసిన విషయాలు

1. ఏ ఆపరేషన్ అయినా, ఎంత చిన్నదయినా, డిశ్చార్జి కాగితాన్ని, ఎక్స్‌రే, స్కాన్, ముక్క పరీక్ష నివేదికలను తేదీల వారీగా ఒకే సంచిలో భద్రపరచవలెను. ఇతర ఊళ్ళకు వలస వెళ్ళేవారు వాటిని వెంట తీసుకొనిపోవలెను.

2. డిశ్చార్జి సమయంలో ఏ ఆపరేషన్ జరిగినదీ, ఏ అవయవం తొలగించినదీ, లోపల రాడ్డు, స్టెంటు, జాలీ వంటివి అమర్చినదీ లేనిదీ అడిగి తెలుసుకొనవలెను. మూత్రనాళంలో ఉంచిన స్టెంటును తిరిగి తీయించుకోవలసిన తేదీని మరువరాదు.

3. కొత్త వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు పాత ఆపరేషన్లు, ప్రమాదాలు, పూర్వపు క్షయ చికిత్స, వృత్తి, పెంపుడు జంతువుల వివరాలు అడగకపోయినా చెప్పవలెను. ప్రస్తుత బాధకు వాటితో సంబంధం ఉన్నదో లేదో నిర్ణయించవలసినది వైద్యుడు.

4. తింటూ ఉక్కిరిబిక్కిరి అయిన పిల్లవాడు తరువాత మామూలుగా కనిపించినా వైద్యునికి చూపించవలెను. మూడేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ, శనగ గింజలు ఇవ్వరాదు.

5. ఆపరేషన్ తరువాత వారాలు గడచినా తగ్గని జ్వరం, మానని పుండు, పెరుగుతున్న గడ్డ, ఒకే చోట తిరిగి తిరిగి వచ్చే నొప్పి ఉన్నచో నొప్పి మాత్రలతో కాలక్షేపం చేయక, ఆపరేషన్ చేసిన వైద్యునికి గాని, మరొక శస్త్రవైద్యునికి గాని చూపించవలెను.

6. పై కేసులను చదివి ప్రతి కడుపునొప్పికి భయపడనవసరం లేదు. ఇవి అరుదైనవి. చికిత్స చేయించుకొన్నా ఆశించిన కాలంలో గుణం కనిపించనప్పుడు మాత్రం నిర్ధారణను మరల పరిశీలించవలసిందిగా వైద్యుని కోరడానికి రోగికి హక్కు ఉన్నది.

వైద్యులు గుర్తుంచుకోవలసినది కూడా అంతే ముఖ్యమైనది. రద్దీగా ఉండే ఓపీలో ప్రతి రోగికి లభించే సమయం స్వల్పం. అయినప్పటికీ రెండవసారి, మూడవసారి అదే బాధతో తిరిగి వచ్చిన రోగి విషయంలో మందు మార్చే ముందు కథను మొదటి నుండి మరొకసారి వినడం అవసరం. ఆపరేషన్‌లో కనుగొన్న విషయాన్ని, అది ఎంత అనుకోనిదయినా, డిశ్చార్జి కాగితంపై రోగికి తెలిసే భాషలో స్పష్టంగా రాసి ఇవ్వడం అంతకంటె అవసరం. ఆ నాలుగు వాక్యాలు ఇరవై ఏళ్ళ తరువాత మరొక ఊరిలో, మరొక వైద్యుని చేతిలో, అదే రోగి ప్రాణాన్ని కాపాడవచ్చును.